అంచు దారం

ఆ శుక్రవారం పొద్దున ఆకాశం నేల మీదికి దిగి కూర్చుంది. ఆ ఎడారి దేశంలో, అల్ ఘర్రాఫా వీధుల్లో మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, ఎదురుగా ఉన్న మసీదు మినారు నడుము దాకే కనబడుతోంది. పై సగం ఎవరో కోసుకుపోయినట్టుంది. మిద్దె మీద ఆరేసిన బట్టలు పిండితే నీళ్ళు కారుతున్నాయి. లుసైల్ వైపు పోయే కార్లు లైట్లు వేసుకుని, చెరువులో దిగిన బర్రెల్లా మెల్లగా కదులుతున్నాయి.

ఇస్త్రీ బల్ల వెనక నిలబడి లస్మయ్య ఆ తెల్లదనాన్ని చూశాడు. ఈ వారమంతా అతనికి ఏది చూసినా బాగానే ఉంటోంది. ఎందుకంటే గుడ్డ ఓడిపోయింది.

ఏ గుడ్డ అంటారా? మరిచినవాళ్ళకూ, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకూ నాలుగు ముక్కలు చెప్పుకుందాం. లస్మయ్య తమ్ముడు గజేందర్ పాత వస్తువులు అమ్మే జహాంగీర్ దగ్గర గోదాములో పనిచేసేవాడు. పోయిన మొహర్రం నెలలో, బక్రీద్ పోయిన కొన్ని వారాలకు, ఆ గోదాము అంటుకుంది. గజేందర్ లోపలే కాలిపోయాడు. జహాంగీర్ ఏమన్నాడు? ఆ వేళ తాను ఊరికి దూరంగా అల్ షహానియాలో ఒంటెలవాళ్ళు కూడి కబుర్లాడే మజ్లిస్‌లో కూర్చుని ఉన్నానన్నాడు. గజేందర్ దొంగతనానికి దూరి, సిగరెట్టు నిప్పు పారేసి, తన నిప్పుకు తానే కాలాడన్నాడు. వాడు ఎత్తుకుపోబోయింది క్రీస్తు ముఖవస్త్రమనీ, అది మాత్రం మంటల్లో మాడి కూడా మిగిలిందనీ అన్నాడు.

ఆ ఒక్క మాటతో కోరుట్ల పక్క పల్లెలో ఉన్న వాళ్ళ అవ్వ సాయవ్వ దొంగకు తల్లి అయింది. మంటలకు లొంగని గుడ్డ మహిమగల గుడ్డ అయింది. శిలువ మోసే దారిలో ప్రభువు ముఖం తుడిచింది దీనితోనే అని చెప్పి జహాంగీర్ దానిని లుసైల్‌లో ఒక ప్రదర్శనశాలలో అద్దాల పెట్టెలో పెట్టించాడు. జనం వచ్చారు. మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు.

లస్మయ్య అప్పటికి వేరే కంపెనీలో సైటు పని చేస్తున్నాడు. చిరిగిన గుడ్డకు కనబడకుండా పోగులు అల్లే ఇక్రాముద్దీన్ రఫూ దుకాణానికి జహాంగీర్ బట్టలు ఇస్త్రీకి వస్తాయని తెలిసి, ఆ పని మానేసి ఇక్కడ చేరాడు. శత్రువు బట్టలు రోజూ చేతిలోకి వస్తుంటే, శత్రువు సంగతులూ వస్తాయనుకున్నాడు. తమ్ముణ్ణి దొంగను చేసిన గుడ్డ లోకం ముందు మసిగుడ్డ కావాలి. అతను కోరుకున్నది అదే.

అది జరిగింది. గుడ్డ వయసు తేల్చాలని పండితులు పట్టుబట్టారు. సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసి వయసు చెప్పినట్టే ఇదీ. మొక్క బతికినంత కాలం గాలిలోంచి ఒక రకం బొగ్గుసారం పీల్చుకుంటుందట. కోసిన నాటి నుంచి అది తరుగుతూ పోతుందట. దారంలో ఎంత మిగిలిందో చూసి, ఆ మొక్కను కోసి ఎన్నేళ్ళయిందో చెబుతారు. గుడ్డ నడుమ మాడిన మచ్చలున్నాయి, పొగ పట్టిన చోట లెక్క తప్పుతుంది, కాబట్టి కాలిన చోటికి దూరంగా, శుభ్రంగా ఉన్న అంచు నుంచి చిన్న ముక్క కోసి విదేశానికి పంపారు. జవాబు ఈ వారమే వచ్చింది. ఆ దారానికి వందేళ్ళు కూడా లేవు.

ఫోన్లన్నీ దానితోనే నిండిపోయాయి. పొగ అంచుకూ పాకి ఉంటుందని కొందరు, కుట్టుపని చూస్తేనే పాతదని తెలుస్తోందని కొందరు, ఇది మోసమని మిగతావాళ్ళు. లస్మయ్యకు ఆ వాదాలు అక్కర్లేదు. ఆ సంబరంలోనే తల్లికి ఫోన్ చేసి, "అవ్వా, వాని గుడ్డ కొత్తదని తేలింది" అన్నాడు.

"గుడ్డ పాతదైతే నాకేంది, కొత్తదైతే నాకేంది బిడ్డా? నా కొడుకు దొంగ కాదని ఆ దుబాయ్‌ల ఎవ్వడన్న అన్నడా?" అంది సాయవ్వ. ఆమెకు ఎడారి దేశాలన్నీ దుబాయే.

లస్మయ్య సిగ్నల్ లేదని ఫోన్ పెట్టేశాడు.

ఇంకొక సంగతి కూడా అతని కంట పడింది. ఆ వార్త వచ్చిన నాటి నుంచి ఇక్రాముద్దీన్ నోరు మెదపడం లేదు. బోధన్ నుంచి వచ్చి, ఈ దేశంలో తల నెరిసిన మనిషి. సూది పట్టుకుంటే కబుర్లు ఆగవు. అలాంటివాడు సూదిలోకి దారం ఎక్కించి, అలాగే పట్టుకుని గోడకేసి చూస్తున్నాడు.

"ఏంది భాయ్, మూతికి గిట్ల రఫూ ఏసుకున్నవా?" అన్నాడు లస్మయ్య.

"మంచిగ ఏసిన రఫూ కానరాదు తమ్మీ. నీకు కానొచ్చిందంటే నాది కచ్చా పని" అని ఇక్రాముద్దీన్ నవ్వబోయాడు. నవ్వు సగంలోనే తెగింది.

సరిగ్గా అప్పుడే, సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి ఒక మనిషి లోపలికి వచ్చాడు. మంచులో తడిసిన తెల్ల కుర్తా, అత్తరు వాసన. జహాంగీర్.

లస్మయ్య పట్టుకున్న ఇస్త్రీపెట్టె కింద ఉన్నది కూడా అతని కుర్తానే.

"సలాం అలైకుం ఇక్రాం మియా."

"వాలైకుం సలాం. శుక్రారం దుకాణం బంద్ సాబ్. బట్టలు పొద్దుగూకి మగ్రిబ్ అయినంక ఇస్త."

"బట్టలకు రాలే. నా ఇజ్జత్ పోయింది మియా, దాని కొరకు వచ్చిన." జహాంగీర్ స్టూలు లాక్కుని కూర్చుని, ఫోన్‌లో ఒక బొమ్మ తీసి ముసలాయన ముందు పెట్టాడు. ఇస్త్రీ చేసే మనిషి వైపు అతను చూడలేదు. చూడాలని తోచలేదు కూడా. "ఈ గుడ్డ యాదికున్నదా?"

ఇక్రాముద్దీన్ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "నా చేతిని నేను గుర్తు పట్టనా? పేపర్ల బొమ్మ చూసినప్పుడే పట్టిన. అప్పుడేమో మా దాదీ చద్దరు అంటివి. మడత పెట్టి ఉంటే బఖూర్ ధూపం బొగ్గు పడి బొక్కలు పడ్డయంటివి."

"అన్న మియా. అప్పుడు అన్న. ఇప్పుడు ఒక్కటే అడుగుత. ఆ బొక్కలు నింపిన దారం యాడికెంచి తెచ్చినవ్?"

"బజార్ల కొన్న దారం కలుస్తదా? ఏం మాట సాబ్!" పని మాట రాగానే ముసలాయన గొంతులోకి ప్రాణం వచ్చింది. "పాత గుడ్డకు ఆ గుడ్డ దారమే కావాలె. మా అబ్బాజాన్ నేర్పింది గదే. అంచు మలిచి కుట్టింది ఇప్పిన. అండ్ల పోగులు ఒక్కొక్కటి గుంజి, నడుమ బొక్కల్ల అల్లిన. అంచు బోసిపోయింది. దానికి కొత్త అవిసె దారం తెచ్చి, చాయ్ నీళ్ళల్ల నానబెట్టి, రంగు కలిసేదాంక ఎండబెట్టి అల్లిన. అంచును ఎవడు చూస్తడు? కండ్లన్నీ నడుమకే పోతయ్."

లస్మయ్య చేయి నెమ్మదించింది. మడిలోకి నీళ్ళు ఎక్కినట్టు ఆ మాట అతని తలలోకి మెల్లగా ఎక్కింది. పాత పోగులు నడుమకు పోయాయి. కొత్త దారం అంచుకు వచ్చింది. కాలిన నడుమను ముట్టుకోకూడదని పండితులు ఏరికోరి శుభ్రమైన అంచును కోశారు. వాళ్ళు వయసు తేల్చింది ఇక్రాముద్దీన్ చాయ్ నీళ్ళలో నానబెట్టిన దారానికి. గుడ్డకు కాదు.

అంటే గుడ్డ ఓడిపోలేదు. దాని పళ్ళు ఇంకా ఎవరూ చూడనే లేదు.

"యా అల్లా!" జహాంగీర్ రెండు చేతులతో ముఖం కప్పుకుని నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. "అంచే కోసిన్రు మియా, వాళ్ళు కోసింది అంచే! యల్లా, లే. కారు బయటున్నది. గుడ్డను చూసే పండితులందరు లుసైల్‌లనే దిగిన్రు. ఈ మాటే వాళ్ళ ముందట చెప్పు. నడుమల నుంచి ఇంకో పోగు తీపిద్దాం."

"భాయ్, నువ్వేం చెప్పకు" అన్నాడు లస్మయ్య.

జహాంగీర్ మొదటిసారి అటు తిరిగాడు. "నీకేందిర నడుమ? నీ పని నువ్వు చూసుకో."

"నా దుకాణంల నా మనిషిని 'ర' అనకు సాబ్" అన్నాడు ఇక్రాముద్దీన్. తరువాత లస్మయ్యతో, బతిమాలినట్టు, "నేనేం చెయ్యాలె తమ్మీ? నా చేతి పని గది. నా దారం వల్ల ఒక గుడ్డ అబద్ధం అయితే, నేను అల్లా ముందట ఏం చెప్పాలె? ఆ గుడ్డకు మొక్కేటోళ్ళు ఏం పాపం చేసిన్రు?" అన్నాడు.

"మా ఇంట్లోళ్ళు ఏం పాపం చేసిన్రు భాయ్?"

ముసలాయన తల దించుకున్నాడు. సూదిని దిండుకు గుచ్చాడు, తీశాడు, మళ్ళీ గుచ్చాడు. చివరికి జహాంగీర్‌తో, "చెప్త. ఉన్నది ఉన్నట్టు చెప్త. బక్రీద్ ముందట తెచ్చినవ్, పండుగకు ముందే చేసి ఇచ్చిన" అన్నాడు.

జహాంగీర్ గొంతు తగ్గించాడు. "గా ఒక్క మాట వద్దు. మొహర్రం అయినంక తెచ్చిన అని చెప్పు."

"గదెందుకు?"

"గోదాం మొహర్రంల కాలింది గద మియా. గుడ్డ అండ్లనే మాడిందని అందరికి తెలుసు. తారీఖుతోని నీకేం పని? దారం సంగతి చెప్పు, చాలు."

దుకాణంలో మాడు వాసన లేచింది.

ఇస్త్రీపెట్టె కదలడం మానేసి చాలాసేపయింది. లస్మయ్య దాన్ని పైకి ఎత్తాడు. తెల్లటి కుర్తా రొమ్ము మీద, సరిగ్గా గుండె ఉండే చోట, గోధుమరంగు మచ్చ. అతను దాన్ని చూసి, ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, బల్ల చుట్టూ తిరిగి ముందుకు వచ్చాడు.

"బక్రీద్ ముందట కాలిన గుడ్డ, మొహర్రంల మళ్ళెట్ల కాలింది?"

"ఎవడు మియా వీడు? ఆ దొంగ పోరని ముచ్చట వీనికెందుకు?"

"వాని పేరు గజేందర్. నేను వాని అన్నను."

బయట ఎవరో కారు హారన్ కొట్టారు. జహాంగీర్ నోరు తెరిచి, ఇక్రాముద్దీన్ వైపు చూశాడు.

"తెలిసే పెట్టుకున్న" అన్నాడు ముసలాయన. "అప్పటికెంచి నీ బట్టలు ఈ చేతులతోనే ఇస్త్రీ అయితున్నయ్ సాబ్."

జహాంగీర్ తన ఒంటి మీది కుర్తాను చూసుకున్నాడు. మడత నలగని కుర్తా. గుండీల పట్టీ గీత గీసినట్టుంది. ఆ గీతను అతను వేలితో ఒకసారి తడిమాడు, చేయి తీసేశాడు.

లస్మయ్యకు కోపం రాలేదు. కోపం వచ్చి పోయే సంగతి. అతనిలో ఉన్నది బావిలో ఊటలా అడుగున ఉంది. ఇన్ని నెలలు అతను గుడ్డ మీద పగబట్టాడు. పాపం గుడ్డ! రఫూ చేసిన పోగులు చెక్కుచెదరలేదంటే, అది గోదాములోనే లేదు. బొగ్గు పడి మాడినదాన్ని రఫూ చేయించి దాచుకుని, తమ్ముడు కాలిన మంటను దానికి మహిమగా కట్టబెట్టాడు ఈ మనిషి. పీనుగ మీద పూలు ఏరి దేవుడికి వేసినట్టు.

"భాయ్" అన్నాడు లస్మయ్య. "ఇందాక చెప్పొద్దన్న. తప్పు. చెప్పు. అంచు ముచ్చట చెప్పు, బక్రీద్ ముచ్చట చెప్పు. రెండూ ఒక్కతాన్నే చెప్పు. గుడ్డ గెలిస్తే గెలవనీ."

జహాంగీర్ స్టూలు మీద నుంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. తారీఖు చెబితే తాను పోతాడు. ముసలాయన అసలు నోరు విప్పకపోతే గుడ్డ పోతుంది. ఆ రెండింటి నడుమ అతను నలగడం లస్మయ్య తీరిగ్గా చూశాడు. చెరుకు గానుగలో పడ్డప్పుడు కూడా ఇంత నెమ్మదిగా నలగదు.

"ఏం కావాలె నీకు?" అన్నాడు జహాంగీర్ చివరికి. "మాట్లాడుకుందాం. ఏం కావాలెనో అడుగు."

"మా అవ్వకు ఫోన్ కలుపుత. నీ కొడుకు దొంగ కాదని చెప్పు. గంతే."

"చెప్త. మియా ముందు లుసైల్‌కు వస్తే..."

"ముందు చెప్పు."

"ఫోన్‌ల చెప్తే అయిపాయె గద, ఎవరు వింటరు..."

"మా ఊరంత వింటది. స్పీకర్ పెట్టుమంట. వాడకట్టు అందరిని పిలుసుకొని కూసుండుమంట."

జహాంగీర్ పెదవులు తడుపుకున్నాడు. అప్పుడు మంచులోంచి జుమ్మా అజాన్ వినబడింది. మినారు కనబడకపోయినా పిలుపు చక్కగానే వచ్చింది. ఇక్రాముద్దీన్ లేచి, టోపీ సర్దుకున్నాడు.

"నడువు సాబ్, నమాజ్‌కు పోదాం. వచ్చినంక ఈడనే తిందాం. తిన్నంక నా మాట చెప్త. నా దస్తర్‌ఖాన్ మీద, ఒక్క పళ్ళెంల తిని, అబద్ధమాడుమని నన్ను అడిగినోడు ఇప్పటిదాంక లేడు. నువ్వు అడుగుతవేమో చూద్దాం." ఆయన లస్మయ్య వైపు తిరిగాడు. "తమ్మీ, దాల్చా పొయ్యి మీదున్నది. బగారా నువ్వే చెయ్యి."

జహాంగీర్ వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. ఆ ముసలాయన సాక్ష్యం తప్ప అతనికి ఈ ఊళ్ళో ఇంకేమీ మిగల్లేదు.

వాళ్ళు పోయాక లస్మయ్య వెనక గదిలో పొయ్యి ముందు నిలబడ్డాడు. నూనెలో షాజీరా, లవంగాలు చిటపటలాడాయి. పైన అరలో మరకలు తీసే మందు సీసా ఉంది. మీద పుర్రె బొమ్మ. అతను దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. ఒక్క పళ్ళెం. అందులో ఇక్రాం భాయ్ చేయి కూడా పడుతుంది. అతను బియ్యం కడిగి గిన్నెలో పోశాడు.

అన్నం ఉడుకుతుంటే కొత్త ఆలోచన వచ్చి పక్కన నిలబడింది. గుడ్డ గోదాములో లేదు. మరి గజేందర్ లోపలికి ఎందుకు పోయాడు? చిన్నప్పుడు కాముని మంట దగ్గరికి రమ్మంటే కూడా అవ్వ కొంగు వెనక దాక్కునేవాడు. పక్కవాడు బీడీ వెలిగించినా ఎడంగా జరిగేవాడు. అలాంటివాడు మండుతున్న గోదాములోకి తనంతట తాను పోడు. పొమ్మంటే పోయాడు. లేకపోతే ఎవరినో తేవడానికి పోయాడు.

ఎవరిని?

వాళ్ళు తిరిగి వచ్చారు. ఇక్రాముద్దీన్ నేల మీద దస్తర్‌ఖాన్ పరిచాడు. పెద్ద పళ్ళెంలో బగారా అన్నం, మీద సొరకాయ ముక్కలతో మటన్ దాల్చా. చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. చేతులు కడుక్కున్నారు. "బిస్మిల్లా" అన్నాడు ముసలాయన.

దాల్చా పలచగా ఉంది. ఒక్క పళ్ళెంలో తినేటప్పుడు పక్కవాడి వైపు పులుసు కారకూడదని ఎవరైనా చొక్కా చేతులు పైకి మలుచుకుంటారు. జహాంగీర్ కూడా కుడిచేతి కుర్తాను అలవాటుగా మోచేతి దాకా మలుచుకుని అన్నంలోకి వేళ్ళు దించాడు.

మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం ఇంకా ఎర్రగా, బిగుసుకుపోయి మెరుస్తోంది. తాళ్ళు పేనినట్టు గట్లు కట్టింది. చెమట పట్టని, వెంట్రుక మొలవని చర్మం.

లస్మయ్య ముంజేతి నిండా ఇస్త్రీపెట్టె ముద్రలే. కాలిన మచ్చ ఎన్నాళ్ళకు ఎర్రదనం పోగొట్టుకుంటుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇది మొహర్రం నాటిది. బొగ్గు పడ్డ మచ్చ కాదు. వంటింటి మచ్చ కాదు. మండుతున్న దేన్నో, లేదా ఎవరినో, చేయి చాచి పట్టుకున్న మచ్చ. లేదా పట్టుకున్నవాణ్ణి విదిలించుకున్న మచ్చ. అల్ షహానియా మజ్లిస్‌లో దిండుకు ఆనుకుని కూర్చున్నవాడికి అలాంటి మచ్చ పడదు.

ఇక్రాముద్దీన్ చేయి ముద్ద దగ్గర ఆగింది.

జహాంగీర్ వాళ్ళ చూపు ఎటు పోయిందో చూశాడు. ఎడమచేయి మలిచిన గుడ్డ దాకా వచ్చింది. అక్కడే ఆగింది. ఇప్పుడు కిందికి లాగితే ఒప్పుకున్నట్టే. అతను ఎడమచేతిని మళ్ళీ మోకాలి మీద పెట్టుకుని, ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు.

లస్మయ్య పళ్ళెంలో వెతికి, మూలుగ ఉన్న ఎముకను ఏరి, అతని ముందుకు జరిపాడు. ముందు తిననీ; తిన్నాక ఆ చేతి సంగతీ చెప్పాల్సిందే.

జహాంగీర్ దాన్ని తీసుకున్నాడు. ముగ్గురూ తల వంచి తింటూనే ఉన్నారు, పళ్ళెం అడుగు కనబడేదాకా.